కరియ ఉన్న ఇల్లు

మా మేనత్త పోయిందన్న కబురు ధర్మవరం నుంచి పొద్దున ప్యాసింజరులో హిందూపురానికి వచ్చింది. తెచ్చినవాడు ఆమె పక్కింటి పెద్దాయన కొడుకు. నేను వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అతను గేటు దగ్గరే ఆగి, "నాయన ఉండాడా పాపా?" అన్నాడు. లేడు, పరిగికి పోయాడు అన్నాను. అతను తల దించుకున్నాడు. "నిన్న పొద్దుగూకే యాళకు కరియకు ముద్ద పెట్టి, లోపలికి వచ్చి మంచం మీద వాలిందంట. మళ్లా లేయలేదు" అన్నాడు.

ఆ మాట విన్నవాళ్లెవరైనా ఆ ఇంట్లో కరియ అనే కుక్క ఉందనుకుంటారు. కరియ చచ్చిపోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆ సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు. అయినా అతను అలాగే చెప్పాడు, నేను అలాగే విన్నాను. ఎందుకో మీకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఆ ఇంట్లో ఇప్పుడు మగ్గం లేదు కాబట్టి చెప్పినా ఆమెకు చెరుపు లేదు.

మా అత్త పట్టుచీరలు నేసేది. మామ చిన్న వయసులోనే పోతే, ఆయన కూర్చున్న మగ్గం గుంతలోకి తనే దిగింది. పిల్లలు లేరు. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట్లాడేటప్పుడు కూడా చేతులు ఏదో ఒక దారాన్ని సవరిస్తుండేవి. షావుకారు పట్టు, జరీ ఇచ్చేవాడు. ఈమె చీర నేసి ఇచ్చేది. అదే ఆమె బతుకు.

నగలైతే పెట్టెలో పెట్టి తాళం వేసుకోవచ్చు. మగ్గం మీద సగం నేసిన చీరను దాచడానికి చోటు లేదు. అది నడింట్లో, గడపలోంచి తొంగిచూసిన వాళ్లకల్లా కనబడుతూ, వారాల తరబడి సాగి ఉంటుంది. దాన్ని కత్తితో కోసుకుపోవడానికి ఎంతో సేపు పట్టదు. ఆ వీధిలో అలాగే జరిగింది. ఒక కుటుంబం సోమందేపల్లికి పెళ్లికి పోయి వచ్చేసరికి, మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన గవాక్షంలోంచి ఎవరో దిగి, మగ్గం మీది చీరను కోసుకుపోయారు. ఆ ఇంటాయన ఆ తర్వాత మగ్గం వేయలేకపోయాడు. కూలికి పోయాడు.

మరుసటి వారం షావుకారు మా అత్త గడప ముందుకు వచ్చాడట.

"ఏమనుకోవద్దు చెల్లీ. ఇంట్లో మొగదిక్కు లేదు. నా పట్టు నీ ఇంట్లో పెట్టి నేను నిద్ర ఎట్ల పోవాల?"

"మగ్గం మీద ఉండే చీర ముగిస్తాను, అన్నా. అప్పుడు మాట్లాడదాం."

ఆ చీర ముగియకముందే ఆమె రైలెక్కి హిందూపురం వచ్చింది. నాకప్పుడు ఆరేడేళ్లు. వాకిట్లో కాళ్లు కడుక్కుంటూనే మా నాయనతో అంది, "పెనుకొండ దగ్గర గొర్రెలోళ్లు నీకు తెలుసు గదా. నాకొక కుక్కపిల్ల కావాల."

"కుక్కను పెట్టుకుంటే మనుషులు గూడా రారక్కా నీ ఇంటికి."

"రావాల్సినోళ్లు వస్తార్లే."

పెనుకొండ కొండ కింద మంద దగ్గరికి నన్నూ తీసుకుపోయారు. గొర్రెలాయన మా అత్తను ఎగాదిగా చూశాడు.

"ఊర్లోకా అమ్మా? ఊర్లో వీడు ఏం కాయాల?"

"మగ్గం."

ఆయన నవ్వాడు. "మగ్గం యాడికీ పారిపోదు గదమ్మా!"

"గొర్రెను పట్టుకుంటే అరుస్తాది. మగ్గం అరవదు గదప్పా."

ఆయన నవ్వడం ఆపాడు. మా కాళ్ల మీద ఎగబడుతున్న కుక్కపిల్లలను పక్కకు నెట్టి, వెనక నిలబడి ఉన్న నల్లదాన్ని ఎత్తాడు. అంతవరకూ అది మా దగ్గరికి రాలేదు. తల్లికీ మాకూ మధ్య కాళ్లు పాతుకుని నిలబడింది, అంతే. "కరిచేదాని కోసం చూడొద్దమ్మా. కరిచేదాకా వచ్చిందంటే దొంగ లోపలికి వచ్చినట్టే గదా. అడ్డం నిలబడేది చూసుకో" అన్నాడు. వాళ్ల ఇంట్లో కన్నడం. నల్లగా ఉందని కరియ అన్నాడు. ఆ పేరే ఉండిపోయింది.

ధర్మవరం దాకా బుట్ట నా ఒళ్లో ఉంది. అల్లిక సందుల్లోంచి దాని ఊపిరి నా మోకాళ్లకు వెచ్చగా తగులుతూ వచ్చింది. దారిపొడుగునా మా అత్త కిటికీలోంచి చూస్తూ వేళ్లతో లేని దారాన్ని పేనుతూ కూర్చుంది.

నేతగాళ్ల వీధిలో కుక్కను పెంచడం వేరే వీధుల్లో పెంచినట్టు కాదు. తెల్లవారుజామునే పడుగు తెచ్చి, వీధి పొడుగునా లాగి, కట్టెల మీద నిలబెట్టి సరిచేస్తారు. వేల పోగులు. వచ్చిన కొత్తలో కరియ ఒకనాడు కోడిని తరుముతూ ఆ పోగుల్లోంచి దూసుకుపోయాడు. వీధిలోని ఆడవాళ్లందరూ మధ్యాహ్నం దాకా కూర్చుని చిక్కు తీశారు. "పట్టుకొచ్చింది కాపలాకా, మా కొంపలు ముంచేదానికా?" అని ఒకామె గట్టిగానే అడిగింది. మా అత్త కుక్కను కొట్టలేదు. మరునాటి నుంచి ఎవరు పడుగు పరిచినా, దాన్ని ఒళ్లో పెట్టుకుని, వీపు మీద చెయ్యి వేసి, పని ముగిసేదాకా పక్కనే కూర్చునేది. ఎన్నాళ్లు కూర్చుందో నాకు తెలియదు. తర్వాతి సెలవులకు నేను పోయేసరికి, పడుగు పరిచి ఉంటే కరియ వీధి చివరి దాకా నడిచి, చుట్టు తిరిగి ఇవతలికి వస్తున్నాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. చదువుకున్న మనుషులు కూడా వంగి దూరిపోయే చోట వాడు తల ఎత్తుకుని చుట్టు తిరిగి వచ్చేవాడు.

ఇంకొక పద్ధతి కూడా ఆమె మొదలుపెట్టిందే. వీధిలోకి కొత్తగా ఎవరు వచ్చినా కరియకు తమ చేత్తో ఒక రాగిముద్ద పెట్టాలి. పెడితే ఆ మనిషి ఎప్పుడు వచ్చినా కరియ లేవడు. పెట్టకపోతే లేస్తాడు. కొత్త కోడలు దిగితే, హారతి అయ్యాక, అత్తవారింట్లోకి పోకముందు మా అత్త గడప దగ్గరికి తెచ్చేవాళ్లు. పట్టుచీరలో ఆ పిల్ల వణుకుతూ ముద్ద చాపేది. వెనక నుంచి మరుదులు ఊరుకునేవాళ్లు కాదు.

"అత్తకు భయపడకున్నా పర్వాలేదు వదినా, కరియకు మాత్రం భయపడు!"

"ముద్ద పెద్దది చేసుకో! చిన్నదైతే వేళ్లు గూడా లెక్కలోకి వస్తాయి!"

కరియ వేళ్లకు తగలకుండా ముద్ద తీసుకునేవాడు. నా వంతు వచ్చినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. అరచేతి మీద తడి తగిలింది, తర్వాత బరువు పోయింది. కళ్లు తెరిస్తే మా అత్త నవ్వుతోంది. "అయిపోయింది పాపా. ఇంగ నువ్వు ఈ వీధి మనిషివి" అంది. బడిలో మాట్లాడని పిల్లనని, ఇంట్లో మూలకు కూర్చునే పిల్లనని పేరుపడిన నన్ను ఎవరో లెక్కలో వేసుకోవడం అదే మొదటిసారి.

ఒక తేరు రోజు మధ్యాహ్నం వీధి అంతా గుడి దగ్గరికి పోయింది. చీర త్వరగా ముగించాలని అత్త గుంతలోనే ఉంది. నేను గడప లోపల కూర్చుని చదువుకుంటున్నాను. ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడి భుజాన సంచి.

"పాత జరీ కొంటాం. ఇంట్లో పెద్దోళ్లు ఎవురైనా ఉండారా పాపా?"

రెండోవాడు అడగకుండానే ఇంటి పక్క సందులోకి నడుస్తున్నాడు. మిద్దెకు మెట్లున్నది ఆ సందులోనే. కరియ లేచాడు. అరవలేదు. గడప దిగి, ముందున్నవాడూ సందులోకి పోతున్నవాడూ ఇద్దరూ కనబడే చోట నిలబడ్డాడు.

"కుక్కను పట్టుకో పాపా."

లోపల నుంచి మా అత్త గొంతు వినబడింది. మగ్గం చప్పుడు ఆగలేదు. "పాత జరీ లేదు నాయనా. దప్పికైతే మజ్జిగ ఉండాది."

"కుక్కను పట్టుకుంటే వస్తాం తల్లీ."

"దాన్ని పట్టుకునే పని లేదు. మీరు ఆడే ఉంటే అదీ ఆడే ఉంటాది."

సందులో ఉన్నవాడు ఒక అడుగు వేశాడు. కరియ గొంతులో, తిరగలి తిప్పడం మొదలుపెట్టినట్టు, చిన్న చప్పుడు పుట్టింది. అంతకన్నా ఏమీ జరగలేదు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎండ ఎక్కువగా ఉందనో ఏదో అనుకుంటూ వచ్చిన దారినే పోయారు. మలుపు తిరిగేదాకా కరియ కదల్లేదు. తర్వాత వచ్చి నా కాళ్ల పక్కన పడుకున్నాడు. ఆ సాయంత్రమే తెలిసింది, వెనక వీధిలో తాళం వేసిన ఇంటికి మిద్దె మీద నుంచి దిగారని.

"నీకు భయం వేయలేదా అత్తా?" అని అడిగాను. అంతసేపూ పడుగులోంచి దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెను ఆగకుండా ఆడించిన మనిషి ఆమె. ఆమె నన్ను మగ్గం దగ్గరికి పిలిచి, నేసిన గుడ్డ మీద నా వేలు పెట్టి జరిపింది. ఒకచోట నేత గట్టిగా, బిగుసుకుని తగిలింది. "ఈడ చూడు. చెయ్యి ఎంత గట్టిగా పడిందో" అంది. ఆ చీర ఎవరో పెళ్లికూతురు కట్టుకుని ఉంటుంది. కంటికి కనబడదు. వేలికి మాత్రమే తెలుస్తుంది.

ఏ ఊళ్లో ఎవరి నోట పడిందో గానీ, నల్ల కుక్క ఉన్న వీధి అని ఆ వీధికి పేరు వచ్చింది. షావుకారు ఇక పట్టు ఇవ్వడానికి వెనకాడలేదు. అయితే ఆయన మాత్రం ముద్ద పెట్టలేదు. పెద్దమనిషి కదా, కుక్కకు వంగడం నామోషీ అనుకున్నాడేమో. అందుకని ఎప్పుడు వచ్చినా గొడుగు ముడిచి రోడ్డు మీదే నిలబడి, "పట్టుకోమ్మా" అనేవాడు. మా అత్త గొలుసు పట్టుకున్నాకే గడప ఎక్కేవాడు.

నేను కాన్వెంటులో పై తరగతుల్లో ఉన్నప్పుడు, ఒక సెలవులకు పోయి జట్కా దిగుతూనే అలవాటుగా, "కరియ ఏడీ?" అన్నాను. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు పట్టు దారాన్ని కండెలకు చుడుతున్నారు.

"చెరువు పక్క పోయినాడు" అంది ఒకామె.

"పెరట్లో పండుకోనుండాడు" అంది ఇంకొకామె, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "చెరువు పక్క పోయి, వచ్చి, పెరట్లో పండుకోనుండాడు" అంది మూడో ఆమె.

మా అత్త నన్ను లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. "కరియ లేడు పాపా. ముసలోడై పోయినాడు. పక్కింటి మామ, నేను పెరట్లోనే పూడ్చినాము. వీధిలో అందరికీ తెలుసు. వీధి దాటి ఎవురికీ తెలీదు."

"ఇంకొకదాన్ని తెచ్చుకోవచ్చు కదా?"

"పిల్లను తెస్తే కరియ పోయినాడని ఊరంతా తెలుస్తాది. అది పెద్దదయ్యేదాకా ఎవురు కాయాల? షావుకారన్న పట్టు ఇస్తాడా?"

"మరి ఇప్పుడు ఎవరు కాస్తున్నారు?"

"వాడే. వాడు సంపాదించిన పేరు ఉండాది గదా. దాన్ని తిండి పెట్టి సాకుతాండా."

ఆ సాయంత్రం చూశాను. దీపం పెట్టే వేళకు ఆమె పళ్లెం కడిగి, ముద్ద చేసి, గడప పక్కన పెట్టింది. గొలుసును బండ మీద ఈడ్చింది. వీధి చివరిదాకా వినబడేలా పిలిచింది. "కరియా! ఏం రా, పొద్దన్నుంచి యాడ తిరుగుతాండావు? తిను. ఊరికే మనుషుల మీదికి పోవద్దు. చెప్తాండా!" ఖాళీ గడపను తిడుతున్న ఆమె ముఖంలో నవ్వు లేదు. నిజంగానే చెప్పింది. అరుగు మీది ఆడవాళ్లు కొత్తవాడెవడైనా నడుచుకుంటూ వస్తే, "ఆ పక్క పోప్పా, కుక్క ఉండాది" అనేవాళ్లు. ముద్ద పక్కింటి మేక తినేది. ఆ మేక బాగా బలిసింది.

కొత్త కోడళ్లను కూడా మునుపటిలాగే తీసుకొచ్చేవాళ్లు. ఆ పిల్ల ఖాళీ పళ్లెంలో ముద్ద పెట్టేది. అప్పుడు ఆమె చెవిలో సంగతి చెప్పేవాళ్లు. మనిషి వెనక కనబడని కాపలా ఒకటి నడుస్తుందని మా సిస్టరు బడిలో చెప్పేది. అది ఎలా ఉంటుందో నాకు ఊహకు అందేది కాదు. ఆ వీధిలో అర్థమైంది. పొద్దున లేస్తే ఒకరితో ఒకరు పంపు దగ్గర పోట్లాడుకునే ఇంతమంది మనుషులు నోరు కట్టుకుని, ఒక్క ఆడమనిషి మగ్గం నిలవాలని చచ్చిపోయిన కుక్కను బతికించారు.

ఆ సెలవుల్లోనే షావుకారు వచ్చాడు. రోడ్డు మీద గొడుగు ముడిచి, "పట్టుకోమ్మా" అన్నాడు. మా అత్త పెరటి తలుపు దగ్గరికి పోయి గొలుసు గలగలలాడించింది. "పట్టుకున్నా. రాన్నా." ఆయన చంకలో పట్టు మూటతో వచ్చి, మగ్గం పక్కన వంగి, అంచు మీద వేలు జరుపుతూ అన్నాడు, "ఏం చెల్లీ, ఈమధ్య కరియ గొంతు ఇనపడలేదే?"

మా అత్త చెయ్యి నాడె మీద ఆగిపోయింది. తేరు రోజున ఆగని చెయ్యి. నేను గోడకు ఆనుకుని పుస్తకాన్ని గుండెకు అదుముకున్నాను. ఒక్క మాట తప్పితే ఆ పట్టు మూట తిరిగి పోతుంది.

అప్పుడు పెరటి గోడ అవతల నుంచి కుక్క మొరిగింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి సగంలో దగ్గు అందుకుంది. అది చాలాసేపటి దాకా ఆగలేదు. "నీళ్లు తాగు, నీళ్లు తాగు" అని ఎవరో ఆడమనిషి గొంతు సన్నగా వినబడింది. మొరిగింది పక్కింటి పెద్దాయన! నవ్వగా ఎవరూ చూడని మనిషి, పంచాయితీల్లో ఆయన మాట్లాడితే వీధి లేచి నిలబడేది.

షావుకారు వేలు అంచు మీదే ఉంది. ఆయన తల ఎత్తి మగ్గం పైనున్న గవాక్షం వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కరియకు దగ్గు పట్టినట్టుండాది. ముసలోడయినాడు గదా. మిరియాల కషాయం కాంచి పొయ్యి చెల్లీ."

మగ్గం పక్కన పట్టు మూట పెట్టి లేచాడు. గడప దిగుతూ, అక్కడున్న ఖాళీ పళ్లానికి తగలకుండా ఎడంగా నడిచాడు. వీధిలోకి పోయాక, అరుగు మీది వాళ్లకూ, వీధి చివరి బండివాడికీ వినబడేలా అన్నాడు, "అబ్బా, ఏం కుక్కమ్మా అది! ఇంగొంచెం ఉంటే మీద పడేదే!"

మా అత్త గుంతలోంచి లేవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత మగ్గం చప్పుడు మొదలైంది.

నాయనా నేనూ చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పడుగు సరిచేస్తున్నప్పటిలాగే వేళ్లు కొద్దిగా వంగి ఉన్నాయి. షావుకారు కూడా వచ్చాడు. గొడుగు ముడిచి రోడ్డు మీద నిలబడి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి, తనే గడప ఎక్కి లోపలికి వచ్చాడు. మగ్గం మీద చీర ముగియడానికి కొంచెమే మిగిలింది. మూడోనాటి దాకా మగ్గం తాకకూడదన్నారు పెద్దవాళ్లు. చీర అలాగే సాగి ఉండిపోయింది.

ఆ రోజే, అన్నీ అయ్యాక, సాయంత్రం బండికి చుట్టాలు పోయారు. వాళ్లను ఎక్కించడానికి నాయన స్టేషనుకు పోయాడు. నేను గడపలో కూర్చున్నాను. వీధిలో దీపాలు పెడుతున్నారు. ముందురోజు ఆమె ముద్ద పెట్టిన పళ్లెం ఖాళీగా గోడ పక్కనే ఉంది. ఎదురింటి అరుగు మీద ఎవరూ కండెలు చుట్టడం లేదు. అందరూ పళ్లెం వైపే చూస్తున్నారు. తర్వాత నా వైపు చూశారు.

నేను లేచి ముద్ద చేశాను. పళ్లెంలో పెట్టాను. గొలుసు బండ మీద ఈడ్చాను. బడిలో పద్యం చదవమంటే మొదటి వరుసకు కూడా వినబడని గొంతు నాది. "కరియా" అన్నాను.

పక్కింటి అరుగు మీద పెద్దాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇంగొంచెం గట్టిగా పాపా. ఆ మాట కరియకు ఇనపడదు" అన్నాడు.

గుండె నిండా ఊపిరి తీసుకుని పిలిచాను. "కరియా! ఏం రా, యాడ తిరుగుతాండావు? రా!"

వీధి మొదట్లో ఎవరో కొత్త మనిషి సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. నా గొంతు విని తల తిప్పాడు. పళ్లెం చూశాడు, తెరిచి ఉన్న తలుపు వెనక చీకటిని చూశాడు. హాండిలు తిప్పుకుని, రోడ్డుకు ఆ చివర అంచు మీదుగా, మెల్లగా, మా ఇల్లు దాటి పోయాడు.